జీతం లేని నోటిఫికేషన్

ఆ సోమవారం పొద్దున రామ్మోహన్ పెట్టుకున్న పని చిన్నదే. చాయ్ తాగడం, వాట్సాప్‌లో ఒక ప్రకటన పెట్టడం, తొమ్మిదింటికల్లా దుకాణం షట్టర్ ఎత్తడం. పద్నాలుగేళ్లుగా మోస్తున్న బరువును ఎవరో ఒకరి చేతిలో పెట్టేసి, ఇకనైనా కళ్లకు విశ్రాంతి ఇవ్వాలని ఆయన ఆలోచన. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తప్పంతా తర్వాత జరిగింది.

రామ్మోహన్‌ది జనగామలో నోటు పుస్తకాలు, పెన్నులు హోల్‌సేల్‌గా అమ్మే దుకాణం. తాతల నాటి వ్యాపారం. కాని ఆయన మనసు గల్లాపెట్టె మీద కన్నా దాని పక్కనున్న కంప్యూటర్ మీదే ఎక్కువగా ఉండేది. పెండ్లి పత్రికలు కొట్టేవాళ్లు కంప్యూటర్లో తెలుగు టైపు చేయలేక పడే తిప్పలు చూడలేక, పద్నాలుగేళ్ల కింద 'తేలిక' అనే కీబోర్డు ప్రోగ్రాం, దానికి తోడుగా అక్షరాల ఫాంటు తయారు చేశాడు. దాని కోడ్ మొత్తాన్ని ఇంటర్నెట్‌లో తెరిచి పెట్టాడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా లోపలికి పోయి తప్పులు దిద్దవచ్చు. ఈ రెండింటిలో మొదటిది జనానికి బాగా నచ్చింది.

రెండోది నచ్చినవాళ్లు కూడా ఒకప్పుడు పదకొండు మంది ఉండేవారు. డోర్నకల్‌లో రైల్వే గుమస్తా ఒకాయన, బచ్చన్నపేటలో లెక్కల సారు ఒకాయన, భూపాలపల్లి బొగ్గు గనిలో సర్వేయర్ ఒకాయన, ఇట్లా. ఆదివారం వస్తే అందరూ ఫోన్లో కలిసి ఒక్క ఒత్తు గురించి రెండు గంటలు కొట్లాడుకునేవారు. రామ్మోహన్‌కు అంతకు మించిన పండుగ లేదు. తర్వాత గుమస్తాకు ప్రమోషన్ వచ్చింది. లెక్కల సారు ప్లాట్ల వ్యాపారంలో దిగాడు. సర్వేయర్ నిరుడు గుండెపోటుతో పోయాడు. ఇద్దరు పెద్ద కంపెనీల్లో చేరితే, బయటి కోడ్ ముట్టుకోబోమని వాళ్లతో సంతకాలు పెట్టించుకున్నారట. మిగిలినవాళ్లు ఇప్పుడన్నీ ఏఐ రాసిపెడుతుంది కదా అన్నా అని ఫోన్ పెట్టేశారు. ఆ ఏఐని కూడా అడిగి చూశాడు రామ్మోహన్. అది ఎంతో మర్యాదగా, ఎంతో ధీమాగా, ఉన్న ఒత్తులను కూడా పోగొట్టింది.

ఇప్పుడు ఆయన ఒక్కడే మిగిలాడు. రెండు నెలల్లో కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్‌కు రాబోయే కొత్త వెర్షన్‌లో తేలిక ఒత్తులన్నీ అక్షరం కింద నుంచి జారి పక్కన పడుతున్నాయి. సరిచేయాలంటే తక్కువలో తక్కువ నెల రోజుల పని. హనుమకొండ డాక్టరేమో కంటి లోపలి పొర పలచబడిందని, రోజుకు గంటకు మించి తెర చూస్తే తర్వాత చూడటానికి ఏమీ మిగలదని చెప్పేశాడు. మూడు జిల్లాల్లో దరఖాస్తులు, ఫ్లెక్సీలు, దస్తావేజులు, బడి ప్రశ్నపత్రాలు తేలికతోనే టైపవుతున్నాయి. కోడ్ తెలిసిన మనిషి ఒక్కరు దొరికితే అన్నీ నిలుస్తాయి, ఆయన చూపుతో సహా.

సహాయం కావాలని అంతకుముందు మూడు సార్లు మామూలు మాటల్లోనే రాశాడు. ఎవరూ పలకలేదు. బాగా ఆలోచిస్తే మన దగ్గర జనం కళ్లలో ఒత్తులు వేసుకుని చదివేది ఉద్యోగాల నోటిఫికేషన్ ఒక్కటేనని ఆయనకు తట్టింది. సరే, ఆ పద్ధతిలోనే రాద్దామనుకున్నాడు. కావలెను, కీబోర్డు నిర్వాహకులు. అర్హత, ఏదైనా డిగ్రీ లేదా తత్సమానం. కోడ్ చదవగలిగి ఉండాలి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వారికి ప్రాధాన్యం. ఆ కింద తన ఫోన్ నంబరు, తేలిక చరిత్ర ఇరవై లైన్లు. అన్నిటికన్నా కింద, గమనిక అని పెట్టి, ఇది స్వచ్ఛంద సేవ, జీతభత్యాలు ఉండవు.

చాయ్ గ్లాసు పెడుతూ ఆయన భార్య జానకి అది చదివింది. వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, వ్యాపారం చేసే ఇంటికి వచ్చిన మనిషి.

"జీతం లేదన్న ముచ్చట మొదాలే రాయరాదా?"

"మొదాలే రాస్తే ఎవరు చదువుతరు?" అన్నాడు రామ్మోహన్. ఆ మాట అని ప్రకటన పంపేశాడు.

తేలిక వాడేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎనిమిది వందల పన్నెండు మంది ఉన్నారు. పది గంటలకు రెండు బొటనవేళ్లు వచ్చాయి, ఒక దండం వచ్చింది, గులాబీ పువ్వుతో శుభోదయం ఒకటి వచ్చింది. రామ్మోహన్ ఫోన్ బోర్లించి పెట్టి, చిల్పూర్ బడి ఆర్డరు కట్టడంలో పడ్డాడు. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ.

మహబూబాబాద్‌లో నెట్ సెంటర్ నడిపే ఎల్లేశ్ ఆ పూటే ఆ ప్రకటన చూశాడు. పదేళ్లుగా తేలిక మీద బతుకుతున్నవాడు. కోడ్ రాయడం తనకు చేతకాదు, రామ్మోహనన్నకు ఏదో ఒకటి చేయాలని ఎప్పటి నుంచో మనసులో పీకుతున్నది. ఫోన్లో కనిపించినంత వరకు ఫొటో తీసి, తనకున్న నలభై గ్రూపుల్లో పడేశాడు. పొడుగు రాతలను ఫోన్ సగంలో మడిచి 'ఇంకా చదవండి' అంటుందన్న సంగతి ఆ తొందరలో గుర్తుకు రాలేదు. ఫొటోలో పోస్టు ఉంది, అర్హత ఉంది, మూడు జిల్లాల పేర్లున్నాయి, రామ్మోహన్ ఫోన్ నంబరుంది. గమనిక మాత్రం మడతలో ఉండిపోయింది.

మొదటి ఫోన్ పన్నెండింటికి డోర్నకల్ నుంచి వచ్చింది. వయసు ఎంతలోపు ఉండాలి సార్ అని అడిగిందొక అమ్మాయి. రామ్మోహన్‌కు ప్రాణం లేచి వచ్చింది. వయసుతో పనేమిటమ్మా, ఎవరైనా రావచ్చు, ఎంతమందైనా రావచ్చు అన్నాడు. తెరిచి పెట్టిన కోడ్ అంటే అంతే కదా. సాయంత్రానికల్లా వయోపరిమితి లేదు, పోస్టులకు లెక్కలేదు అని మహబూబాబాద్ జిల్లా అంతా పాకింది.

రెండో ఫోన్ మహబూబాబాద్ నుంచే. ఇది పర్మనెంటా, కాంట్రాక్టా అని ఒక అబ్బాయి నసిగాడు. రామ్మోహన్ నిజమే చెప్పాడు. తాను పద్నాలుగేళ్ల నుంచి చేస్తున్నానని, నడుమ ఎవరూ తీసేయలేదని, చేసే ఓపిక ఉండాలే గాని ఈ పని అయిపోయేది కాదని. అవతల అబ్బాయి ఆ మాటను ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత రెండు సార్లు థాంక్స్ సార్ అన్నాడు.

మూడో ఫోన్ భూపాలపల్లి నుంచి, క్రాంతి అనే ఆయన చేశాడు. అక్కడ పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్ ఆయనది. ఏమేం చదువుకోవాలో చెప్పండి సార్ అంటే, నేర్చుకోవాలని ఎంత ఆరాటమో అని మురిసిపోయి, ఏ కంప్యూటర్ భాషలు రావాలో, తెలుగు అక్షరాల కోడింగ్ ఎట్లా ఉంటుందో, ఏ పుస్తకాలు దొరుకుతాయో అరగంట చెప్పాడు రామ్మోహన్. మరునాడు భూపాలపల్లి గోడల మీద సిలబస్ వెలిసింది. కీబోర్డు నిర్వాహకుల పోస్టులకు ఇరవై రోజుల ప్రత్యేక బ్యాచ్, హాస్టల్ వసతి కలదు.

ఇక ఆ వారం సంగతి చెప్పనలవి కాదు. జిరాక్స్ సెంటర్లవాళ్లు తమంతట తామే దరఖాస్తు ఫారం తయారు చేశారు. అందులో కులం గడి పెట్టారు, ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో బోనఫైడ్లు అడిగారు, గెజిటెడ్ సంతకానికి చోటు వదిలారు. రిజిస్టర్డ్ పోస్టులో కట్టలు దిగడం మొదలైంది. ఇదేదో పొరపాటని రామ్మోహన్‌కు మూడో రోజే అర్థమైంది. ఫోన్ చేసినవాడికల్లా జీతం లేదని చెప్పుకుంటూ వచ్చాడు. సరే సార్ అని వాళ్లు పెట్టేసేవారు, కట్టలు మాత్రం వస్తూనే ఉండేవి. పదకొండు వందల ముప్పై దరఖాస్తులు. ఒకటొకటే విప్పి చూస్తే, అన్నీ తేలికలోనే టైపు చేసి ఉన్నాయి. ఆ అక్షరాల వంపులు ఆయనవే, గుడ్డిగానైనా గుర్తుపట్టగలడు. కోడ్ పెట్టిన చోటుకు ఎందరు వచ్చిపోయారో చూపించే లెక్క ఒకటి ఉంటుంది. అక్కడికి ఆ వారంలో వచ్చినవాళ్లు ఇద్దరు. అందులో ఒకరు రామ్మోహనే.

శనివారం నాడు బచ్చన్నపేట దగ్గరి ఊరి నుంచి లస్మయ్య అనే రైతు వచ్చాడు. చేతిసంచిలో రెండు కిలోల కందిపప్పు. పత్తి చేను ఈసారి ఎండిపోయిందని, ఇది ఇంట్లో తిందామని దాచుకున్నదని చెప్పి, సంచిని కౌంటర్ మీద పెట్టాడు. కూతురు రజిత కంప్యూటర్ డిగ్రీ చదివిందట. పరీక్షలు రాస్తూనే ఉందట.

"సేటూ, ఆరేండ్ల సంది సదువుతనే ఉన్నది. పెండ్లంటె నౌకరి వచ్చినంక అంటది. జర జూడు సేటూ, నీ కాల్మొక్త."

రామ్మోహన్ చేతిలో పని ఆపాడు. కౌంటర్ ఇవతలికి వచ్చి, ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"నేను సర్కారోన్ని గాదు లస్మయ్యా. ఇది నౌకరి గాదు. దీనికి జీతం లేదు, ఏం లేదు."

లస్మయ్య తలూపాడు. ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యమూ కలగలేదు. మొదాలు అందరూ గట్లనే అంటరు సేటూ అని నెమ్మదిగా చెప్పి, పప్పు సంచిని ఇంకాస్త లోపలికి జరిపి, బస్సు వేళవుతుందని లేచి వెళ్లిపోయాడు.

ఇట్లా ఒక్కొక్కరికి చెబితే లాభం లేదని రామ్మోహన్ ఆ మధ్యాహ్నమే పెద్ద అక్షరాలతో వివరణ పెట్టాడు. ఇది ఉద్యోగం కాదు, జీతం లేదు, దయచేసి ఎవరూ దరఖాస్తు పంపవద్దు. ఈసారి మూడే లైన్లు, మడత పడే ప్రమాదం లేదు. మూడు జిల్లాల్లో అందరూ పూర్తిగా చదివారు. చదివి, పోస్టు లోపల్లోపల ఎవరికో ఇచ్చేసుకున్నారని, జనాన్ని పంపించేయడానికి జీతం లేదని నాటకం ఆడుతున్నారని ఒక నిర్ణయానికి వచ్చారు. లేకపోతే పద్నాలుగేళ్లు జీతం లేకుండా ఎవడైనా పని చేస్తాడా అని క్రాంతి అడిగిన ప్రశ్న మూడు జిల్లాలకూ న్యాయంగానే తోచింది. నిజానికి జానకి పద్నాలుగేళ్లుగా అడుగుతున్నది కూడా అదే.

సాయంత్రం ఎల్లేశ్ ఫోన్ చేశాడు.

"అన్నా, పోస్టు అమ్ముకున్నవంటున్నరు. నేనైతె నమ్మ. కని నాకన్న చెప్పు అన్నా, ఎవలకిచ్చినవ్?"

ఇది రామ్మోహన్ మనసును నిజంగా గుచ్చింది. పదకొండు మంది పోయినప్పుడు కూడా అంత బాధ పడలేదు.

బుధవారం పొద్దున భూపాలపల్లి నుంచి డీసీఎం వ్యానులో అరవై మంది దిగారు. అందులో క్రాంతి ఉన్నాడు, కోచింగ్ బ్యాచ్ మొత్తం ఉంది, హనుమకొండలో ఎక్కిన మహబూబాబాద్‌వాళ్లు ఉన్నారు. దుకాణం మెట్ల మీద బైఠాయించారు. అయితే తొందరలో ప్లకార్డులు తెచ్చుకోవడం మరిచిపోయారు. జనగామలో చార్టులు, స్కెచ్ పెన్నులు హోల్‌సేల్ ధరకు దొరికే దుకాణం అదొక్కటే. ఇద్దరు పిల్లలు వచ్చి మొహమాటంగా అడిగితే జానకి అరవై చార్టులు లెక్కపెట్టి ఇచ్చింది. రామ్మోహన్ డౌన్ డౌన్ అని రాయడానికి ఎర్ర పెన్ను బాగుంటుందా, నల్లదా అని అడిగితే, ఎండకు ఎర్రది వెలిసిపోతుందని సలహా కూడా చెప్పింది.

బచ్చన్నపేట బస్సు దిగిన ఒకమ్మాయి ఆ గుంపును దాటి లోపలికి వచ్చి చార్టు అడగకుండా రామ్మోహన్ ముందు నిలబడింది. తన పేరు రజిత అని, లస్మయ్య కూతురినని చెప్పింది.

"సార్, మీ ఒత్తులు జారేది రెండు వందల పదమూడో లైను కాడ. అక్షరం వెడల్పును ఇంక పాత పద్ధతిలనే లెక్కవెడుతున్నది. అందుకే కింద పడాల్సింది పక్కకు వోతున్నది."

బయట నినాదాలు జోరుగా సాగుతున్నాయి. రామ్మోహన్‌కు ఒక్కటీ వినిపించలేదు. కుర్చీ జరిపి, కంప్యూటర్ తెరిచి, ఆ లైను దగ్గరికి పోయాడు. అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. నెల రోజుల పనిలో సగం అక్కడే ఉంది. సర్వేయర్ పోయిన తర్వాత తన కోడ్ గురించి ఇంకో మనిషి నోటి నుంచి మాట వినడం ఆయనకు అదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి జబ్బువి కావు.

"జీతం లేదు బిడ్డా," అన్నాడు బెదురుతూ.

"తెలుసు సార్. నేను కింది దాక చదివిన." ఆమె తల వంచుకుంది. "ఆరేండ్ల సంది ఏ పరీక్ష రాసినా నడుమల ఆగుతది, లేకుంటె కోర్టుకు వోతది. ఒక్కటన్న మొదటి నుంచి చివరి దాక పూర్తి చేసి చూడాలనున్నది. మా బాపుకు మెల్లగ నేను చెప్పుకుంట."

అరగంట ఇద్దరూ కూర్చున్నారు. ఆ అరగంట రామ్మోహన్‌కు పాత ఆదివారాలు తిరిగి వచ్చినట్టుంది. సోమవారం నుంచి ఆమె పని మొదలుపెట్టేటట్టు, నెలలో పూర్తిచేసేటట్టు మాట్లాడుకున్నారు. ధర్నా చేసేవాళ్లకు జానకి చాయ్ పంపించింది. అంతా సర్దుకున్నట్టే కనిపించింది. కాని క్రాంతి వెళ్తూ వెళ్తూ జిల్లా ఆఫీసుల భవనంలో ఒక ఫిర్యాదు ఇచ్చి పోయాడు. నియామకంలో అవకతవకలు జరిగాయని, విచారణ జరిపించి నిరుద్యోగులకు న్యాయం చేయాలని.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు. రామ్మోహన్‌కు పిలుపు వచ్చింది. పెద్ద హాలు, వెనక వరుసల్లో అరవై మంది, గోడ పక్కన లస్మయ్య, రజిత. ఎదురుగా ఒక అధికారి. ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆ పూట అప్పటికే భూముల తగాదాలు నలభై చూసి ఉన్నాడు. ఫిర్యాదును రెండుసార్లు చదివి, ఇది ఏ శాఖ కిందికి వస్తుందని పక్కవాళ్లను అడిగాడు. ఎవరూ మాది అనలేదు. నోటిఫికేషన్ నంబరెంత అని రామ్మోహన్‌ను అడిగాడు. నంబరు లేదంటే, నంబరు లేకుండా ఎట్లా ఇచ్చారని మందలించాడు. రామ్మోహన్ మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చాడు, కీబోర్డు, ఒత్తులు, కళ్లు, డాక్టరు, స్వచ్ఛంద సేవ. చివరికి, తాను మానేయాలనే ఇదంతా మొదలుపెట్టానని, ఇదిగో ఈ అమ్మాయికి అప్పగించేస్తానని చేయి చూపించాడు.

హాలులో ఒక్కసారిగా గోల లేచింది. చూసిండ్రా సార్, ముందే అనుకున్నరు, పేరుతో సహా చెప్తుండు అని క్రాంతి లేచి నిలబడ్డాడు. అరవై తలలు రజిత వైపు తిరిగాయి. లస్మయ్య ముఖం ఒక్క క్షణం వెలిగింది. బిడ్డకు నౌకరి వచ్చిందని ఆయన అనుకున్నాడు.

ఇంతలో టైపు చేసే గుమస్తా వంగి అధికారి చెవిలో ఏదో చెప్పాడు. ఈ ఆఫీసులో కాగితాలన్నీ తేలికతోనే తయారవుతున్నాయని, ఈ పెద్దమనిషి మానేస్తే రెండు నెలల్లో ఫైళ్లన్నీ ఆగుతాయని అయి ఉంటుంది. అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, కూర్చున్న చోటనే ఉత్తర్వు చెప్పి రాయించాడు. విషయం విచారణలో ఉన్నందున, విచారణ పూర్తయ్యే వరకు కొత్తగా ఎవరికీ ఈ బాధ్యతలు అప్పగించరాదు. ప్రజా ప్రయోజనం దృష్ట్యా ప్రస్తుతం ఉన్న వ్యక్తే అంతరాయం లేకుండా కొనసాగవలెను.

"సార్, నా కండ్లు..." అన్నాడు రామ్మోహన్.

"మెడికల్ లీవుకు వేరే అర్జీ పెట్టుకోండి," అని అధికారి తర్వాతి కాగితం అందుకున్నాడు.

బయట మెట్ల దగ్గర రామ్మోహన్ పరుగులాంటి నడకతో రజితను అందుకున్నాడు. ఆ కాగితానికి ఏ విలువా లేదని, కోడ్ తెరిచే ఉందని, దాన్ని దిద్దడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదని ఒకటే చెప్పాడు. రజిత అంతా విన్నది. పక్కన తండ్రి ఉన్నాడు, ఆయనకు అప్పుడప్పుడే అర్థమవుతున్నది.

"విచారణల ఉన్నదాంట్ల నా పేరు వడితె, రేపు దేనికి సెలెక్ట్ అయినా వెరిఫికేషన్ల అడ్డమొస్తది సార్. అది అయిపోయినంక తప్పకుంట వస్త."

"ఎన్నడయిపోతది బిడ్డా?"

"మా ఊర్ల ఒక అక్క నౌకరి విచారణ తొమ్మిదేండ్ల సంది నడుస్తున్నది," అంది రజిత. ఆమె ఏడవలేదు. నమస్కారం పెట్టి, తండ్రి చేయి పట్టుకుని బస్టాండు దారి పట్టింది.

ధర్నాకు వచ్చినవాళ్లకు మాత్రం ఆ ఉత్తర్వు బాగా నచ్చింది. పోస్టు దొడ్డిదారిన పోలేదు, అది చాలు. క్రాంతి దగ్గరకు వచ్చి, మనసులో ఏం పెట్టుకోవద్దు సార్, మీకైతే ఖాయమైంది కదా అని రామ్మోహన్ చేయి ఊపి మరీ అభినందించాడు. ఎల్లేశ్ ఫోన్ చేసి, నువ్వు అమ్ముకోలేదని తేలిపోయిందన్నా అని సంతోషంతో ఏడ్చాడు. ఉత్తర్వు ఫొటోను తన నలభై గ్రూపుల్లో, ఈసారి కింది దాకా కనిపించేటట్టు పెట్టాడు.

మధ్యాహ్నం రామ్మోహన్ రెండు వందల పదమూడో లైను తెరిచి కూర్చున్నాడు. అక్షరాలు మసకగా ఉంటే తెరను దగ్గరికి లాక్కున్నాడు. జానకి పక్కన స్టూలు వేసుకుని, కనిపించని చోట లైను నంబర్లు చదివి పెట్టింది. డాక్టరు చెప్పిన గంట దాటిపోయి చాలాసేపయింది.

పదకొండు వందల ముప్పై మంది పోటీపడ్డ ఆ పోస్టుకు ఎంపికైంది రామ్మోహన్ ఒక్కడే, దరఖాస్తు పెట్టుకోనిదీ ఆయన ఒక్కడే.